సుడిగాలి అంటే పర్యటన ఒక్కటేనా?

విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలోకి బుడమేరు, ఖమ్మం కాలనీల్లోకి మున్నేరు వచ్చిపడిన రోజులవి. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1. వాయుగుండం కళింగపట్నం దగ్గర తీరం దాటింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వాన, వరద తప్ప మరో వార్త లేదు. టీవీ నిండా పడవలు, పాల ప్యాకెట్లు, మిద్దెల మీద మనుషులు. ఆ హోరులో ఇంకో సంగతి మూడు నాలుగు రోజులకు గాని బయటికి పొక్కలేదు.

31వ తేదీ సాయంత్రం ములుగు జిల్లాలో తాడ్వాయికీ మేడారానికీ మధ్య అడవి మీద గాలి విరుచుకుపడింది. చూస్తుండగానే అంతా అయిపోయింది. అటవీశాఖ తొలి లెక్క ప్రకారమే నేలకొరిగిన చెట్లు 50 వేలకు పైన; దెబ్బతిన్న అడవి 500 ఎకరాల మేర. గాలివానకు నాలుగు కొమ్మలు విరిగి రోడ్డుకు అడ్డం పడటం లాంటిది కాదిది. మాన్లకు మాన్లు వేళ్లతో సహా లేచి, ఎర్రమట్టి గడ్డలు వేళ్లకు వేలాడుతుండగా ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. డ్రోన్లు తీసిన చిత్రాల్లో చిక్కటి అడవి మధ్య ఒక పట్టీ మేర చెట్లన్నీ కోసిన చొప్పలా పడి ఉన్నాయి. మనిషి ప్రాణం పోలేదు. వనదేవతలు సమ్మక్క సారలమ్మలే ఊళ్లకు అడ్డు నిలిచారని ఆ చుట్టుపక్కల చెప్పుకున్నారు. ఆ మాటను తేలిగ్గా తీసుకోనక్కర్లేదు. గాలి కాస్త దారి మళ్లి ఊరి మీదుగా వెళ్లి ఉంటే ఏమయ్యేదో, పడిన చెట్లను దగ్గర నుంచి చూసినవాళ్లకే తెలుస్తుంది.

ఇంతకీ అదేమిటి? ఆ వారంలో ఒకరు టోర్నడో అన్నారు, ఇంకొకరు క్లౌడ్‌బరస్ట్ అన్నారు, కొందరు రెండూ కలిపి అన్నారు. క్లౌడ్‌బరస్ట్ అనేది వాన లెక్క. గంటలో 100 మిల్లీమీటర్ల వాన ఒక చిన్న ప్రాంతంలో కురిస్తే భారత వాతావరణ శాఖ ఆ పేరు పెడుతుంది. వాన ఎంత కురిసినా దానంతట అదే 50 వేల మాన్లను పెకలించదు. ఆ పని గాలిది. పత్రికలు మాత్రం పాత అలవాటు కొద్దీ 'సుడిగాలి బీభత్సం' అని శీర్షిక పెట్టి మర్నాటికి వరద నష్టాల్లో పడ్డాయి.

చిక్కంతా ఆ 'సుడిగాలి' దగ్గరే ఉంది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం దుక్కి దున్నిన చేలో ఎండుటాకుల్ని గిరగిరా తిప్పి, ఒక చీరనో తుండుగుడ్డనో దండెం మీంచి ఎత్తుకెళ్లేది సుడిగాలి. పిల్లలు దాని వెంట పరుగెత్తుతారు, ముసలమ్మలు దయ్యం గాలి అని తిడతారు. మంత్రి ఒకే రోజు నాలుగు జిల్లాలు చుట్టివస్తే సుడిగాలి పర్యటన. ఓపెనరు ఇరవై బంతుల్లో యాభై కొడితే సుడిగాలి ఇన్నింగ్స్. టీవీ కామెడీ షోలో ఒకాయనకు అదే ఇంటిపేరైంది. ఇన్ని చోట్ల తిరిగి అరిగిపోయిన మాట కరెంటు టవర్‌ను మెలిపెట్టి పారేసే గాలికి పెడితే వినేవాడి గుండె ఎందుకు అదురుతుంది? గోదావరి తీరంలో నీటి మీద దిగే సుడిని కొన్నిచోట్ల 'ఏనుగు తొండం' అంటారు. మబ్బులోంచి కిందికి వేలాడుతూ, కొస ఊగుతూ ఉండే ఆ ఆకారానికి ఇంతకన్నా సరైన పేరు ఇంగ్లిషులో కూడా లేదు. పత్రికాభాష ఎందుకో ఆ మాటను ఊళ్లోనే వదిలేసింది.

చేలో లేచే దుమ్ముసుడికీ, మబ్బులోంచి దిగే తొండానికీ చుట్టరికం లేదు. మొదటిది నేల వేడికి నేల మీదే పుట్టి పైకి లేస్తుంది. దానికి మబ్బుతో పనే లేదు. రెండోది కారుమబ్బు కడుపున పుడుతుంది. కింద వెచ్చటి తడిగాలి, పైన చల్లటి పొడిగాలి, ఎత్తు పెరిగేకొద్దీ గాలి దిక్కూ వేగమూ మారిపోవడం, ఈ మూడూ ఒక్కచోట కుదిరితే ఉరుముల మబ్బు మొత్తంగా తిరగడం మొదలెడుతుంది. ఆ తిరుగుడు బిగుసుకుని సన్నబడేకొద్దీ వేగం పెరుగుతుంది. కవ్వం తాడు లాగినట్టు ఒక్కసారిగా నేలదాకా దిగితే టోర్నడో. ఈ మూడు సరుకులూ అమెరికా మధ్య మైదానాల్లో తరచూ దొరుకుతాయి కాబట్టి ఏటా ఆ దేశం మొత్తం మీద సుమారు 1,200 నమోదవుతాయి. అవి మరెక్కడా దొరకవని మాత్రం ఎవరూ చెప్పలేదు.

భాగవతం తెలిసినవాళ్లకు తృణావర్తుడు గుర్తుండే ఉంటాడు. కంసుడు పంపగా గాలి రూపంలో వచ్చి, గోకులాన్ని దుమ్ముతో చీకటి చేసి, పసివాడైన కృష్ణుణ్ణి ఆకాశానికి ఎత్తుకెళ్లిన రాక్షసుడు. అది పురాణమే, వాతావరణ నివేదిక కాదు. అయినా గిర్రున తిరిగే గాలి మనిషిని ఎత్తుకెళ్లగలదన్న ఊహ యమునా తీరపు కథకు పరాయిది కాలేదు. అదే యమున ఒడ్డున, 1978 మార్చి 17న, ఉత్తర ఢిల్లీలో విశ్వవిద్యాలయం చుట్టుపక్కల ఒక సుడి దిగింది. అది నేల మీద ఉన్నది రెండు మూడు నిమిషాలు. ధ్వంసమైన దారి పొడవు దాదాపు 5 కిలోమీటర్లు, వెడల్పు 50 మీటర్లు. అంటే ఒక వీధి. ఆ వీధిలో 28 మంది చనిపోయారు, దాదాపు 700 మంది గాయపడ్డారు. దేశ రాజధానిలో, పట్టపగ్గాల్లేని గాలికి ఇంతమంది పోయిన ఉదంతం ఎన్ని పాఠ్యపుస్తకాల్లో ఉంది? ఢిల్లీలో పుట్టి పెరిగినవాళ్లలోనూ ఆ సంగతి తెలిసినవాళ్లు అరుదే.

ఒక ప్రాంతంలో ఇలాంటిది 'అనుకోకుండా' వచ్చిందంటే ఆ తప్పు ప్రతిసారీ ఆకాశానిది కాదు. చాలాసార్లు లెక్క రాసుకోనివాళ్లది. ఈ మాటకు అన్నిటికన్నా గట్టి సాక్ష్యం అమెరికాలోనే ఉంది.

19వ శతాబ్దంలో అమెరికా వాతావరణ సేవ సైన్యం చేతిలో ఉండేది. జాన్ ఫిన్లే అనే యువ సైనికుడు టోర్నడోల మీద మనసుపడి, వేల మంది పరిశీలకులను కూడగట్టి, 1884లో ముందస్తు అంచనాలు వేయడం మొదలుపెట్టాడు. పైవాళ్లకు అది నచ్చలేదు. గాలి చేసే నష్టం కన్నా భయం చేసే నష్టమే ఎక్కువని తేల్చి, ఆ దశాబ్దం చివరికల్లా అంచనాల్లో 'టోర్నడో' అనే మాటే వాడొద్దన్నారు. ఆ ఆంక్షను 1938లో కొంత సడలించినా పూర్తిగా ఎత్తేయడానికి 1950 దాకా పట్టింది. అదైనా ఎందుకు ఎత్తేశారంటే, 1948 మార్చి 25న ఓక్లహామాలోని టింకర్ వైమానిక స్థావరంలో ఫాబుష్, మిల్లర్ అనే ఇద్దరు సైనికాధికారులు 'ఈ సాయంత్రం ఇక్కడికి టోర్నడో రావచ్చు' అని ధైర్యం చేసి చెప్పారు, అది అన్నంత పనీ చేసింది. అయిదు రోజుల కిందటే అదే స్థావరాన్ని ఒక టోర్నడో నుజ్జు చేసి వెళ్లింది. ఈసారి విమానాలను ముందే భద్రపరిచారు.

కాగితం మీద నిషేధం పోయింది. అలవాటు పోవాలిగా.

1953 జూన్ 9. అమెరికా ఈశాన్యాన మసాచుసెట్స్ రాష్ట్రం. కొండలు, అడవులు, పాత పరిశ్రమల ఊళ్లు. టోర్నడోలు కాన్సస్‌వాళ్ల తలనొప్పి అని అక్కడివారి నమ్మకం. ముందు రోజే అదే తుపాను వ్యవస్థ మిషిగన్‌లోని ఫ్లింట్ పట్టణంలో 116 మందిని పొట్టనబెట్టుకుంది. ఆ మబ్బులే తూర్పుకు కదులుతున్నాయి. బోస్టన్ వాతావరణ కార్యాలయంలో ఆ ఉదయం ఒక చర్చ జరిగింది: అంచనాలో 'టోర్నడో' అని రాయాలా, వద్దా? ఆ ప్రాంతంలో అంతకుముందు ఎన్నడూ వాడని మాట. రాస్తే జనం బెంబేలెత్తుతారు, రాకపోతే నవ్వుతారు. చివరికి ఉరుములతో వాన, కొన్నిచోట్ల తీవ్రంగా, అని సరిపెట్టారు.

సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో పుట్టిన ఆ సుడి అయిదు దాటాక ఊస్టర్ నగరంలోకి వచ్చింది. ఫ్యాక్టరీల షిఫ్టులు మారి జనం ఇంటిదారి పట్టిన వేళ, రాత్రి భోజనాలకు వంటిళ్లలో పొయ్యిలు వెలిగిన వేళ. నల్లగా తిరుగుతూ వస్తున్నదాన్ని చూసి ఎక్కడో మంటలు లేచి పొగ కమ్ముకుంటోందని అనుకున్నవాళ్లున్నారు. గంటకు పైగా నేలమీదే నడిచింది. 70 కిలోమీటర్లు దాటిన దారి, కొన్నిచోట్ల మైలు వెడల్పు. 94 మంది చనిపోయారు. 10 వేల మందికి నిలువనీడ లేకుండా పోయింది. ఆ ఇళ్ల తాలూకు చెత్తాచెదారం ఎగిరి యాభై కిలోమీటర్ల పైన దూరంలో, బోస్టన్ పక్కన ఉన్న బ్లూ హిల్ దగ్గర పడింది. బ్లూ హిల్ మీద ఉన్నది మరేదో కాదు, వాతావరణ పరిశోధనశాల. రాయని హెచ్చరిక ముక్కలుగా వచ్చి గుమ్మంలో పడ్డట్టయింది.

తరవాత జరిగింది ఇంకా విచిత్రం. ఇక్కడ టోర్నడో రాదు, వచ్చింది కాబట్టి మనుషులే తెచ్చి ఉండాలి! కొద్ది రోజుల ముందే నెవాడా ఎడారిలో అణుబాంబు పరీక్ష జరిగింది. దాని ప్రభావమేనని జనం అనుమానించారు, ఆ ప్రశ్న అమెరికన్ కాంగ్రెస్ దాకా వెళ్లింది. సంబంధం లేదని శాస్త్రవేత్తలు సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చింది. ఊహకందనిది జరిగినప్పుడు మనిషి ముందు తన నమ్మకాన్ని కాపాడుకుంటాడు, కారణాన్ని తరవాత వెతుక్కుంటాడు. ఈ విషయంలో బోస్టన్‌కూ బొబ్బిలికీ తేడా లేదు.

కాన్సస్‌వాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? టోపీకా నగరానికి నైరుతిలో బర్నెట్స్ మౌండ్ అనే గుట్ట ఉంది. ఆ గుట్ట ఉన్నంతకాలం ఊరికి టోర్నడో రాదని ఆదివాసీల పేరు మీద ఒక కథ వాడుకలో ఉండేది. 1966 జూన్ 8న టోర్నడో సరిగ్గా ఆ గుట్ట మీదుగానే దిగి ఊరిని మూల నుంచి మూలకు కోసుకుంటూ పోయింది; 16 మంది చనిపోయారు. కొండలు అడ్డమని నమ్మిన సాల్ట్ లేక్ సిటీ నడిబొడ్డున 1999 ఆగస్టు 11న ఒకటి దిగి ఒకరి ప్రాణం తీసింది. గుట్ట, కొండ, నది, ఊరి పొలిమేర, ఇవేవీ పది కిలోమీటర్ల ఎత్తున్న మబ్బుకు లెక్క కాదు.

ఇక్కడ ఒక మనిషిని దగ్గరగా చూడాలి. ములుగు అడవికి కావలసిన మనిషి ఆయనే.

తెత్సుయా ఫుజితా జపాన్‌లోని క్యుషు దీవిలో పుట్టాడు. 1945 ఆగస్టు 9న అణుబాంబు పడవలసింది కోకురా నగరం మీద; ఆయన పనిచేసే కళాశాల దానికి పక్కనే. ఆ ఉదయం కోకురా మీద మబ్బూ పొగా కమ్మి ఉండటంతో విమానం నాగసాకికి మళ్లింది. మబ్బు కాపాడిన ఆ యువ అధ్యాపకుడు కొన్ని వారాల తరవాత నాగసాకి, హిరోషిమాల్లో తిరిగి, ఏ చెట్టు ఎటు వాలిందో, ఏ గోడ ఏ వైపు కాలిందో చూసి బాంబు ఎంత ఎత్తున పేలిందో లెక్కగట్టాడు. పేలుడు కింద సూటిగా ఉన్న చెట్లు మోడులై నిలబడే ఉన్నాయి. దూరంగా ఉన్నవి బయటి వైపుకు, చక్రం ఆకుల్లా పడి ఉన్నాయి. తరవాత షికాగో వెళ్లి జీవితమంతా గాలి గురించే చదివాడు. టోర్నడోల తీవ్రత చెప్పే ఎఫ్ స్కేలు 1971లో ఆయన ఇచ్చిందే.

1974లో టోర్నడోలు వరసగా విరుచుకుపడ్డ తరవాత విమానంలోంచి నష్టాన్ని చూస్తుండగా అడవిలో మళ్లీ ఆ చక్రం ఆకుల ఆకారమే కనబడింది. ఇది సుడి చేసిన పని కాదని ఆయనకు తట్టింది. బిందె బోర్లిస్తే నీళ్లు నేలను తాకి నాలుగు వైపులా చిమ్మినట్టు, మబ్బులోంచి చల్లటి గాలి ముద్దగా కిందికి పడి అన్ని వైపులకూ దూసుకుపోయింది. దానికి డౌన్‌బరస్ట్ అని పేరు పెట్టాడు. తోటి శాస్త్రవేత్తలు చాలామంది నమ్మలేదు. 1975 జూన్‌లో న్యూయార్క్‌లో దిగబోతూ కూలి వంద మందికి పైగా మరణించిన ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ విమానం వెనక ఉన్నది అదేనని ఆయన చూపించాడు. ఈరోజు శంషాబాద్‌లో విమానం దిగేటప్పుడు పైలట్లు జాగ్రత్తపడే ప్రమాదాల్లో అదొకటి.

ఇక 1987 జూలై 21. అమెరికా పడమటి కొండల్లో, యెల్లోస్టోన్ జాతీయ పార్కు అంచున, సముద్ర మట్టానికి 3 వేల మీటర్ల దాకా ఉన్న అడవిలో చెట్లన్నీ పడిపోయాయి. మనుషులెవరూ లేరు, చూసినవాళ్లు లేరు, అంత ఎత్తులో టోర్నడో ఏమిటని అందరూ అన్నారు. ఫుజితా విమానంలోంచి తీసిన వందలాది ఫొటోలు ముందు పెట్టుకుని, పడిన చెట్లకు ఒక్కొక్క బాణం గుర్తు వేసుకుంటూ పటం గీశాడు. బాణాలు లోపలికి మెలితిరిగిన చోట సుడి. విసనకర్రలా బయటికి విప్పుకున్న చోట డౌన్‌బరస్ట్. చివరికి తేలింది: 39 కిలోమీటర్ల దారి, దాదాపు పది లక్షల చెట్లు, ఎఫ్4 టోర్నడో. చుట్టూ అక్కడక్కడా డౌన్‌బరస్ట్‌లు కూడా. సాక్షి ఒక్కడు లేకపోయినా చెట్లే వాంగ్మూలం ఇచ్చాయి.

తాడ్వాయి అడవికి కావలసింది ఈ పనే. ఎవరి అభిప్రాయం ఏమిటన్నది పక్కన పెట్టి, డ్రోన్ చిత్రాలను పటం మీద పరిచి, ఒక్కో మానుకు ఒక బాణం. విజ్ఞానం కొత్తది కాదు, ఖర్చు పెద్దది కాదు. ఇప్పుడు అమెరికాలో వాడే సవరించిన స్కేలులో నష్టాన్ని కొలిచే ఆనవాళ్లు 28 రకాలు. అందులో రెండు చెట్లకు సంబంధించినవే. ఆ స్కేలును టెక్సాస్ టెక్ విశ్వవిద్యాలయంలో ముందుండి తయారుచేయించిన ఇంజనీరు కిషోర్ మెహతా భారత సంతతివాడు. ఆయనే 1981లో తోటి పరిశోధకుడితో కలిసి భారత్, బంగ్లాదేశ్‌ల టోర్నడోల చరిత్రను ఒకచోట చేర్చిన వ్యాసం రాశాడు. మన గాలుల జాబితా టెక్సాస్‌లో తయారైందన్నమాట!

అలాంటి జాబితా చదివితే 'మన వైపు రావు' అనే మాట గొంతు దాటదు. ప్రపంచంలో ఇప్పటిదాకా అత్యధిక ప్రాణాలు తీసిన టోర్నడో అమెరికాది కాదు. 1989 ఏప్రిల్ 26న బంగ్లాదేశ్ మాణిక్‌గంజ్ జిల్లాలో దౌలత్‌పూర్, సాటూరియా ఊళ్ల మీద దిగినది. ఆరు నెలల కరవు తరవాత మబ్బు పడితే వాన వస్తుందని ఎదురుచూస్తున్న జనం మీద సుమారు 1,300 మరణాలు కురిశాయి. 12 వేల మంది గాయపడ్డారు. పల్చటి రేకులు, తడికెలు, మట్టి గోడలు. దాక్కోవడానికి అంతకన్నా గట్టిది ఊళ్లో లేదు. అదే బంగ్లాదేశ్‌లో 1996 మే 13న టంగైల్ ప్రాంతంలో మరో 700 మంది. ఇక్కడికి దగ్గరగా వస్తే, 2009 మార్చి 31న ఒడిశా కేంద్రాపడా జిల్లా రాజ్‌కనికాలో 15 మంది. 2024లో, సరిగ్గా అదే మార్చి 31న, ఉత్తర బెంగాల్ జల్పాయిగుడి, మయినాగుడి ప్రాంతంలో పది నిమిషాల గాలికి అయిదుగురు. శ్రీకాకుళం దాటి కాస్త పైకి వెళితే ఈ చరిత్ర మొదలైపోతుంది. ఇచ్ఛాపురం చెక్‌పోస్టు దగ్గర గాలి ఆగి పర్మిట్ చూపించదు.

ఐరోపా కథ కూడా ఇంతే. 2021 జూన్ 24 సాయంత్రం చెక్ రిపబ్లిక్ దక్షిణ మొరావియాలో ద్రాక్షతోటల మధ్య ఊళ్లను ఎఫ్4 టోర్నడో తుడిచిపెట్టింది. ఆరుగురు చనిపోయారు, 1,200 దాకా ఇళ్లు దెబ్బతిన్నాయి. మధ్య ఐరోపాలో ఇలాంటిదా అని దేశం నోరెళ్లబెట్టింది. మరి 1119లో ప్రాగ్‌లోని వైషెహ్రాద్ కోట మీద సుడిగాలి పడి రాజభవనాన్ని కూల్చిందని కాస్మాస్ అనే చరిత్రకారుడు ఆనాడే రాసిపెట్టాడు. అది సైతానే సుడి రూపంలో వచ్చాడని ఆయన తీర్మానం. వాళ్ల సైతాను, మన తృణావర్తుడు. తొమ్మిది వందల ఏళ్ల కిందటి కాగితం అలమారాలో ఉండగానే ఆశ్చర్యపోయారు.

దీనికి మరో వైపు వాదన ఉంది, అది తీసిపారేయదగ్గది కాదు. ఎప్పుడో ఒకసారి, ఎక్కడో ఒక వీధి వెడల్పున వచ్చేదాని కోసం డబ్బు, మనుషులు, జనం దృష్టి ఖర్చు పెట్టాలా? పిడుగులు, వడదెబ్బ, వరదలు ఏటా తీసే ప్రాణాల ముందు ఇదెంత? నిజమే. కోట్లు పోసి టోర్నడో శాఖ పెట్టమని ఎవరూ అడగడం లేదు. ప్రతి పెనుగాలినీ వాతావరణ మార్పు ఖాతాలో వేసి చేతులు దులుపుకోవడం కూడా పనికిరాదు. ఎండల విషయంలో ఆ లంకె ఎంత గట్టిగా తేలిందో టోర్నడోల విషయంలో ఇంకా అంతగా తేలలేదు. అడిగేది అంతకన్నా చిన్నది: జరిగినదాన్ని సరిగ్గా రాసుకోవడం.

తుపాను విషయంలో తెలుగువాళ్లు ఆ పని చేశారు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన మింగినప్పుడు అయినవాళ్ల శవాలను గుర్తుపట్టలేని స్థితి. ఆ తరవాత తుపాను షెల్టర్లు కట్టారు, రేడియో హెచ్చరికలు అలవాటయ్యాయి, ఓడరేవుల్లో ఎన్నో నంబరు జెండా ఎగురుతోందో పల్లెల్లో చిన్నపిల్లలకు కూడా తెలిసింది. 2014లో హుద్‌హుద్ విశాఖ నగరం మీదే పడినా మృతుల సంఖ్య దివిసీమతో పోల్చలేనంత తక్కువ. బంగాళాఖాతం మారలేదు, కోస్తా మారింది. అయితే తుపానుకు వందల కిలోమీటర్ల దేహం ఉంటుంది, నాలుగు రోజుల నడక ఉంటుంది, ఒక పేరు ఉంటుంది. టోర్నడోకు ఇవేవీ లేవు.

దాన్ని చూడటం కూడా కష్టమే. డాప్లర్ రాడార్ కిరణం తిన్నగా పోతుంది, భూమి గుండ్రంగా వంగుతుంది. దూరం పెరిగేకొద్దీ కిరణం నేలను వదిలి పైకి పోతుంది. అతి తక్కువ కోణంలో పంపినా 200 కిలోమీటర్ల దూరంలో అది నేలకు సుమారు 4 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. హైదరాబాద్ రాడార్ నుంచి తాడ్వాయి దాదాపు అంత దూరం. మచిలీపట్నం నుంచి అంతకన్నా ఎక్కువ. ఆ సాయంత్రం చెట్ల తలల మీద ఏం జరిగిందో ఆ కళ్లకు కనబడే అవకాశమే తక్కువ, అవి చూడగలిగేది మబ్బు నడుము పైభాగాన్నే. 2024 సెప్టెంబరులో, అంటే ములుగు చెట్లు పడిన కొద్ది రోజులకే, కేంద్ర మంత్రివర్గం 2,000 కోట్లతో 'మిషన్ మౌసమ్'కు ఆమోదం తెలిపింది. మరిన్ని రాడార్లు పెట్టడం అందులో ముఖ్యమైన పని. గోదావరి అడవుల మీద పడే ఆ గుడ్డిచోటును పూడ్చే చోట ఒక రాడార్ అడగడానికి రెండు రాష్ట్రాల దగ్గరా 50 వేల కారణాలున్నాయి.

రాడార్ ఒక్కటే ఉంటే చాలదని అమెరికాలోని తెలుగువాళ్లకు తెలుసు. డల్లాస్ చుట్టూ ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనోల్లో వేల తెలుగు కుటుంబాలున్నాయి. మనవణ్ణి చూసుకోవడానికి గుంటూరు నుంచి వెళ్లిన అమ్మమ్మకు వసంతకాలంలో ఒక సాయంత్రం అన్ని ఫోన్లూ ఒక్కసారిగా బొంగురుగా అరవడంతో మొదటి పాఠం అవుతుంది. కూతురు పొయ్యి ఆపేసి, పిల్లాణ్ణి చంకనేసుకుని, కిటికీ లేని బట్టల గదిలోకి తోస్తుంది. నెత్తిన దిండ్లు, చేతిలో టార్చి. పాస్‌పోర్టులు తెచ్చుకుంటానని ఆవిడ మళ్లీ బయటికి పోబోతే కేకలు. పావుగంట తరవాత ఏమీ జరగదు, పప్పు మళ్లీ పొయ్యెక్కుతుంది. ఆ హెచ్చరికల్లో సగానికి పైగా ఇలా వట్టిపోయేవే. అందే వ్యవధి సగటున పది నిమిషాలు అటూ ఇటూ. అయినా నాలుగు నెలలు ఉండి వచ్చిన అమ్మమ్మకు ఏ గదిలో కూర్చోవాలో తెలుసు. తెనాలిలో తన సొంతింట్లో ఆ గది ఏదో మాత్రం ఆవిడ ఎప్పుడూ ఆలోచించి ఉండదు.

అదే డల్లాస్ శివార్లలో 2015 డిసెంబరు 26న, క్రిస్మస్ మర్నాడు, చలికాలం నడిమధ్య టోర్నడో వచ్చి పది మందిని బలితీసుకుంది. ఎక్కువమంది హైవే మీద కార్లలో ఉన్నవాళ్లే. 2025 మే 16న సెయింట్ లూయిస్‌లో టోర్నడో వస్తుంటే నగరపాలక సిబ్బంది సైరన్లు మోగించనే లేదు. వేళ కాని వేళ వస్తే, లేదా మీట నొక్కాల్సిన చెయ్యి నొక్కకపోతే, టోర్నడోల సొంతూరు కూడా కొత్త ఊరే.

తెలుగు ఊళ్లలో ప్రమాదం ఎక్కడ పొంచి ఉంటుందో చెప్పడానికి పరిశోధన అక్కర్లేదు. రేకుల షెడ్డు చూస్తే చాలు. గాలికి లేవకుండా రేకుల మీద ఇటుకలు, రాళ్లు, పాత టైర్లు పెడతారు. మామూలు ఈదురుగాలికి అవి రేకును కాపాడతాయి. గాలి వేగం గంటకు 150 కిలోమీటర్లు దాటితే ఆ రేకే కత్తి, ఆ ఇటుకే ఫిరంగి గుండు. కోళ్లఫారాలు, ఇటుక బట్టీల దగ్గర కూలీల గుడిసెలు, పెళ్లి పందిళ్లు, రోడ్డు పక్కన పెద్ద హోర్డింగులు, వాన వస్తే జనం పరుగెత్తి నిలబడే చింతచెట్టు, ఇవన్నీ ఆ పది నిమిషాల్లో ఉండకూడని చోట్లు.

చేయవలసిన పని జిల్లా కలెక్టరు స్థాయిలోనే మొదలుపెట్టవచ్చు. ఎక్కడైనా ఇరుకైన పట్టీలో నష్టం జరిగితే, జేసీబీ వచ్చి ఊడ్చేయకముందే, ఫారెస్టు గార్డో వీఆర్‌ఓనో చెట్లు, స్తంభాలు, రేకులు ఎటు పడ్డాయో ఫోన్లో లొకేషన్‌తో ఫొటోలు తీయాలి. వాతావరణ శాఖ ఆ ఫొటోలు చూసి టోర్నడోనో, డౌన్‌బరస్టో, ఉత్త ఈదురుగాలో తేల్చి, ఆ తీర్పును తెలుగులో అందరికీ కనబడేలా పెట్టాలి. తప్పని తరవాత తేలితే దిద్దుకోవచ్చు. పదేళ్లు ఇలా రాస్తే ఎక్కడ ఎన్నిసార్లు వస్తున్నాయో మొదటిసారి ఒక అంకె చేతికొస్తుంది. దానికి ఏ పేరు వాడాలో కూడా అప్పుడే తేల్చుకోవచ్చు. టోర్నడో అనుకున్నా ఇబ్బంది లేదు, జనానికి అలవాటైన మాటే. 'ఏనుగు తొండం' అంటే మరీ మంచిది, విన్నవాడు తలెత్తి మబ్బు కిందికి చూస్తాడు. మంత్రుల పర్యటనకు వాడే మాట మాత్రం మంత్రులకే వదిలేయాలి.

ఫోన్ల వ్యవస్థ ఇప్పటికే ఉంది. 2023లో దేశంలో చాలాచోట్ల ఫోన్లు గట్టిగా బీప్‌మని మోగి తెర మీద ఒక సందేశం వెలిగింది. ఇది పరీక్ష మాత్రమే, పట్టించుకోనక్కర్లేదు అని అందులోనే రాసి ఉంది. టవరు పరిధిలో ఉన్న ప్రతి ఫోనుకూ క్షణాల్లో చేరే ఆ బీప్ ఏదో ఒక మే నెల సాయంత్రం ఏటూరునాగారంలోనో, పాలకొండలోనో నిజంగానే మోగవచ్చు. అప్పుడు తెర మీద 'అక్కడక్కడా ఈదురుగాలులు వీచే అవకాశం' అని ఉంటే ఎవరూ మంచం దిగరు. మూడు ముక్కలు ఉంటే సరిపోతుంది: రేకుల ఇల్లు వదిలి స్లాబు ఇంట్లోకి వెళ్లండి. కిటికీ లేని లోపలి గదిలో కింద కూర్చోండి. పిల్లల తల మీద దుప్పటి కప్పండి.